పొలం వయసా, విత్తనం వయసా

పెళ్లయిన ఆర్నెల్ల నుంచి మొదలవుతుంది ఆ ప్రశ్న. "ఏమన్నా విశేషమా?" అని బస్టాండులో అడుగుతారు, రేషన్ షాపు దగ్గర అడుగుతారు, పెళ్లి భోజనాల్లో పక్క కుర్చీలో కూర్చున్న ముక్కూ మొహం తెలియని ఆవిడ కూడా అడుగుతుంది. కోడలి నెలసరి తేదీ అత్తగారికే కాదు, పక్కింటావిడకూ నోటికి వస్తుంది. ఇంత ఆరా తీసే మనలో, ఆడదాని ఒంట్లో అండాలు ఎప్పుడు తయారవుతాయి, ఎన్ని ఉంటాయి, ఎప్పటి నుంచి తగ్గుతాయి అంటే చెప్పేవాళ్లు పదిమందిలో ఒకరుండరు. బళ్లో ఆ పాఠం వచ్చినప్పుడు "ఇది ఇంటి దగ్గర చదువుకోండి" అని దాటేసేవాళ్లు మా సారు. మా పిల్లలకూ అలాగే దాటేశారట.

మాది కుసుమంచి. ఖమ్మం నుంచి సూర్యాపేట పోయే దారిలో, కాకతీయుల నాటి గణపేశ్వరాలయం ఉన్న ఊరు. పెద్ద ఊరేం కాదు. కానీ ఖమ్మం వెళ్లి వచ్చినప్పుడల్లా చూస్తున్నాను, సంతాన సాఫల్య కేంద్రాల బోర్డులు పెరుగుతున్నాయి. అన్నిటి మీదా నవ్వుతున్న పసిపాపే. ఆ పాప నవ్వుకీ తల్లి వయసుకీ ఉన్న లెక్క మాత్రం ఏ బోర్డు మీదా ఉండదు. ఆ లెక్క గురించే నేను రాయాలనుకుంటున్నది.

2019 సెప్టెంబరు 5 గుర్తుందా? గుంటూరు అహల్య నర్సింగ్ హోంలో ఎర్రమట్టి మంగాయమ్మ గారికి కవల ఆడపిల్లలు పుట్టారు. ఆవిడది తూర్పు గోదావరి జిల్లా నేలపర్తిపాడు. పెళ్లయింది 1962లో. ఆవిడ వయసు 73 అని కొందరు రాశారు, 74 అని కొందరు. యాభై ఏడేళ్లపాటు పిల్లల్లేరని ఊళ్లో పడిన మాటలు ఇక పడక్కర్లేదని ఆవిడ సంతోషపడింది. ఆ సంతోషాన్ని నేను వేలెత్తి చూపను. శుభకార్యాలకు పిలవని ఇళ్లు, ఎదురొస్తే పక్కకు తప్పుకునే మనుషులు ఎలా ఉంటారో మనందరికీ తెలుసు. సంతాన వైద్యుల సంఘాలు మాత్రం ఆ వయసులో గర్భం మోయించడం తప్పని గట్టిగానే అన్నాయి. వాళ్లన్నదీ నిజమే.

నా బాధ వేరే. ఆ వార్త మన ఊళ్లల్లోకి సగమే వచ్చింది. "డెబ్బై నాలుగేళ్లకు పిల్లలు పుట్టారంట" అనేది అందరికీ చేరింది. ఆ పిల్లలు ఏ అండంతో పుట్టారో అనేది చేరలేదు. మంగాయమ్మ గారికి ముట్లుడిగి అప్పటికే చాలా ఏళ్లయింది. ఒంట్లో పనికొచ్చే అండం లేదు. వేరే స్త్రీ దగ్గర తీసుకున్న అండాన్ని, మంగాయమ్మ గారి భర్త వీర్యకణంతో ప్రయోగశాలలో కలిపి, ఆ పిండాన్ని ఆవిడ గర్భసంచిలో పెట్టారు. పేపర్లో ఆ ముక్క ఉంది, లేదనను. పెద్దక్షరాల్లో లేదు, అంతే.

ఇక్కడే మన పాత మాట ఒకటి అడ్డం వస్తుంది. ఆడది పొలం, మగవాడు విత్తనం. ఎన్ని తరాల నుంచి అంటున్నామో. పొలం బాగుంటే ఏ విత్తనమైనా మొలుస్తుందని, మొలవకపోతే పొలానిదే తప్పని. మిరప వేసే ఊళ్లో పుట్టి పెరిగిన నాకు ఈ మాట ఎప్పుడూ విచిత్రంగానే ఉంటుంది. మొలక రాకపోతే రైతు ముందు విత్తనాల ప్యాకెట్టు తిరగేసి తేదీ చూస్తాడు కదా, చేనును తిట్టడు కదా! అసలు సంగతి, ఆడదానికీ విత్తనం ఉంది. బిడ్డకు సగం విత్తనం ఆమెదే. పైగా అది కొత్తగా వచ్చే విత్తనం కాదు, పుట్టేటప్పుడే లెక్కపెట్టి మూట కట్టి ఇచ్చిన విత్తనం. గుంటూరులో జరిగింది ఏమిటంటే, పొలం వయసు డెబ్బై దాటింది, విత్తనం మాత్రం పడుచు వయసుది. గర్భసంచికి మందులతో హార్మోన్లు ఇస్తే ముట్లుడిగిన తర్వాత కూడా పిండాన్ని పట్టుకుంటుంది. అండాన్ని తిరిగి పడుచుది చేసే మందు మాత్రం ఇంతవరకూ లేదు.

ఆ మూట లెక్క వింటే ఆశ్చర్యపోతారు. ఆడపిల్ల తల్లి కడుపులో అయిదో నెలలో ఉండగానే ఆ పిండంలో అరవై, డెబ్బై లక్షల అండాలు తయారై ఉంటాయి. ఇక అక్కడి నుంచి తగ్గడమే. పుట్టేసరికి పది, ఇరవై లక్షలు. పెద్దమనిషి అయ్యేసరికి మూడు, నాలుగు లక్షలు. ముప్పై ఏడేళ్లకు ఇరవై అయిదు వేలు. ముట్లుడిగేసరికి ఓ వెయ్యి. ఇందులో నెలకొకటి చొప్పున బయటికి విడుదలయ్యేవి జీవితం మొత్తంలో నాలుగు వందల చిల్లర. మిగతావన్నీ వాటంతట అవే కరిగిపోతాయి. గర్భంతో ఉన్నా కరుగుతాయి, మాత్రలు వేసుకున్నా కరుగుతాయి, యోగా చేసినా కరుగుతాయి. ఇంకో మాట చెప్పనా? మీరు ఏ అండం నుంచి పుట్టారో ఆ అండం మీ అమ్మ మీ అమ్మమ్మ కడుపులో ఉన్నప్పుడే తయారైంది. అంటే ఒక రకంగా మనందరం అమ్మమ్మ కడుపులో కొన్నాళ్లు ఉన్నవాళ్లమే. నాకు ఈ విషయం తెలిసిన రోజు మా అమ్మమ్మ ఫోటో ముందు కాసేపు కూర్చున్నాను.

సంఖ్య తగ్గడం ఒక ఎత్తు. నాణ్యత ఇంకో ఎత్తు, అదే అసలు చిక్కు. అండం సగం పనిలో ఆగిపోయి నిద్రలో ఉంటుంది. దానిలో జంటలుగా ఉన్న క్రోమోజోములను ఒక రకం ప్రోటీన్లు దారంలా కట్టి పట్టుకుంటాయి. విడుదలయ్యే నెలలో ఆ జంటలు సరిగ్గా విడిపోవాలి. ఇరవై అయిదేళ్లప్పుడు ఆ దారం వయసు ఇరవై అయిదేళ్లు. నలభైకి నలభై. పాత దారం కట్టిన దండ ఎక్కడ తెగుతుందో చెప్పలేం. అది ముందే తెగితే ఒక క్రోమోజోము ఎక్కువో తక్కువో అవుతుంది. అలాంటి పిండాలు చాలావరకు నిలవవు. నిలిచినవాటిలో కొన్ని డౌన్ సిండ్రోమ్ బిడ్డలవుతాయి. తల్లికి 25 ఏళ్లప్పుడు ఇది సుమారు 1,250 మందిలో ఒకరికి, 35కి 350 మందిలో ఒకరికి, 40కి వందలో ఒకరికి. గర్భస్రావాలూ అంతే. నలభై ఏళ్లకు గర్భం నిలిచిన ప్రతి ముగ్గురిలో ఒకరికి పోతుంది. "బరువెత్తింది, మెట్లెక్కింది, బొప్పాయి తిన్నది, అందుకే పోయింది" అని కోడలిని అంటాం. చాలాసార్లు ఆ పిండం మొదటి రోజే నిలవని పిండం. ఆమె మంచం దిగకపోయినా పోయేదే.

ఇక గర్భం వచ్చే అవకాశం. ఏ ఇబ్బందీ లేని జంటకు ముప్పై లోపు నెలకు వందలో ఇరవై, ఇరవై అయిదు. నలభైకి అది అయిదుకు పడిపోతుంది. ముప్పై అయిదు దాటగానే తలుపు మూసుకుంటుందని అనుకోవద్దు, అదీ తప్పే. ముప్పై రెండు ప్రాంతం నుంచి మెల్లగా జారుతుంది, ముప్పై ఏడు తర్వాత వేగంగా జారుతుంది. ముప్పై ఎనిమిదికి మామూలుగా కన్నవాళ్లు మనందరి బంధువుల్లోనూ ఉన్నారు.

ఈ మాట అనగానే పెద్దవాళ్లు ఒక జవాబు సిద్ధంగా ఉంచుతారు. "మా అత్త నలభై రెండేళ్లకు కన్నది. అప్పుడు లేని రోగాలు ఇప్పుడొచ్చాయా?" అని. కన్నది, నిజమే. అది ఆవిడ తొమ్మిదో కాన్పు. నలభై రెండుకి కనగలిగినవాళ్లు గుర్తుంటారు, ముప్పై ఎనిమిదికే కాన్పులు ఆగిపోయినవాళ్లను ఎవరు లెక్కపెట్టారు? వాళ్లకు అప్పటికే ఏడుగురు ఉన్నారు, ఆగిపోయినందుకు దండం పెట్టుకుని ఉంటారు. పైగా ఆ కాలంలో మధ్యలో పోయిన కడుపులు ఎన్నో. వాటిని మా అమ్మమ్మ వేళ్ల మీద లెక్కపెట్టేది గానీ ఎవరికీ చెప్పేది కాదు.

ఆ తర్వాతి తరం, అంటే మా అమ్మల తరం, నా తరం, వేరే దారి పట్టింది. పద్దెనిమిది, పంతొమ్మిదికి పెళ్లి, ఇరవై మూడు, ఇరవై నాలుగుకి ఇద్దరు పిల్లలు, వెంటనే ఆపరేషన్. మగవాళ్లు ఆ బల్ల ఎక్కరు కదా, ఆడదే ఎక్కాలి. అక్కడితో సంతానం గురించిన మాట ఆ ఇంట్లో ముగిసిపోయింది. ముప్పై అయిదేళ్లకు మన అండాలు ఎలా ఉన్నాయో మనకెవరికీ తెలుసుకునే అవసరమే రాలేదు. ఇంకా ఘోరం, అదే వయసులో కడుపు నొప్పనో తెల్లబట్ట అనో వెళితే గర్భసంచే తీసేయించుకున్నవాళ్లు మా వీధిలోనే నలుగురు. దేశంలో గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ల శాతం మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనే ఎక్కువని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెబుతున్నాయి. అందుకే ఇవాళ ముప్పై నాలుగేళ్ల కూతురు ఒక ప్రశ్న అడిగితే తల్లి దగ్గర జవాబు లేదు. మన అనుభవంలో ఆ పేజీ చింపేసి ఉంది. ఇది మన తప్పని నేననను. కానీ ఆ ఖాళీలోకి గుంటూరు వార్త వచ్చి కూర్చుంది.

మా బంధువుల్లో ఒకమ్మాయి ఉంది. తనను అడిగే రాస్తున్నాను, పేరు మాత్రం వద్దంది. బీఈడీ చేసింది. 2017లో టీఆర్‌టీ నోటిఫికేషన్ వచ్చినప్పుడు తనకు 27. కొద్ది మార్కుల్లో పోయింది. వచ్చేసారి తప్పకుండా కొడతానని పుస్తకాలు ముందేసుకు కూర్చుంది. ఆ వచ్చేసారి ఎప్పుడొచ్చింది? 2023లో నోటిఫికేషన్ ఇచ్చారు, దాన్ని రద్దు చేసి 2024లో ఇంకొకటి ఇచ్చారు, పరీక్ష జూలైలో మొదలైంది, అక్టోబరులో ఉద్యోగాలిచ్చారు. అప్పటికి తనకు 34. "ఉద్యోగం వస్తే మంచి సంబంధం వస్తది, కట్నం బాధ తగ్గుద్ది" అని ఇంట్లోవాళ్లు కూడా ఆగారు. మళ్లీ ఏడాదికి మాఘమాసంలో పెళ్లి చేశారు. ఇప్పుడు అందరూ "ఈ కాలం ఆడపిల్లలకు ఉద్యోగాల పిచ్చి, అందుకే లేటు పెళ్లిళ్లు" అంటున్నారు. పిచ్చి ఎవరిదండీ? తను ఆలస్యం చేయలేదు, తనను ఆలస్యం చేశారు. గ్రూప్-1 కూడా అంతే, తెలంగాణ వచ్చాక తొలి నోటిఫికేషన్ 2022లో, ప్రిలిమ్స్ రెండుసార్లు రద్దు. అశోక్‌నగర్ గదుల్లో ఎంతమంది ఆడపిల్లల ఇరవైలు కరిగిపోయాయో! పరీక్ష రాసేవాళ్లకు వయోపరిమితి సడలించింది ప్రభుత్వం. అండాలకు సడలింపు ఇవ్వలేదు, ఇవ్వలేదు కూడా.

పెళ్లయిన ఆర్నెల్లకు ఏమీ లేకపోతే ఆ అమ్మాయి ఆసుపత్రికి వెళదామంది. ముప్పై అయిదు దాటినవాళ్లు ఆర్నెల్లు చూసి వెళ్లాలని డాక్టర్లు చెప్పేది సరిగ్గా అదే. ముప్పై అయిదు లోపైతే ఏడాది ఆగొచ్చు, నలభై దాటితే అసలు ఆగకూడదు. అత్తగారు ఏమన్నదో తెలుసా? "ఏం తొందరే, గుంటూరులో డెబ్బై నాలుగేళ్ల ముసలమ్మకే పుట్టారు. ముందు మొక్కులు తీరుద్దాం." ఆ మొక్కుల్లో ఇంకో ఎనిమిది నెలలు పోయాయి. భద్రాచలం, మేడారం, తిరుపతి. దేవుడి దగ్గరికి వెళ్లడం తప్పని కాదు, నేనూ వెళతాను. స్కానింగు చేయించుకుని కూడా వెళ్లొచ్చు కదా.

చివరికి వెళ్లారు. అండాల నిల్వ తక్కువగా ఉందని, ముందు తన అండాలతోనే ప్రయత్నిద్దామని, కుదరకపోతే దాత అండం గురించి ఆలోచించాలని చెప్పారు. "అంటే వేరేవాళ్ల పిల్లనా?" అని అత్తగారు అక్కడే కూలబడిందట. గుంటూరులో జరిగిందీ అదేనని డాక్టరమ్మ చెబితే ఆవిడ నమ్మలేదు. ఇంటికొచ్చి నాకు ఫోను చేసి అడిగింది, "నిజమేనా వదినా?" అని. నిజమే వదినా అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు.

దాత అండం తక్కువదని నేననడం లేదు. ఆ బిడ్డను మోసేదీ కనేదీ పాలిచ్చేదీ తనే, తల్లీ తనే. కానీ అది తెలిసి ఎంచుకునే దారి కావాలి, తెలియక వచ్చి పడే దారి కాకూడదు. చట్టం కూడా ఈ నిజాన్ని దాచలేదు, చదివేవాళ్లం మనం లేం. 2021లో చేసిన సహాయక పునరుత్పత్తి చట్టం ప్రకారం యాభై దాటిన స్త్రీకి ఈ చికిత్స చేయకూడదు. మగవాడికి యాభై అయిదు. అండం ఇచ్చే స్త్రీ వయసు మాత్రం 23 నుంచి 35 లోపే ఉండాలి, అదీ జీవితంలో ఒక్కసారే, ఏడు అండాలకు మించకుండా. మోసేవాళ్లకు ఒక వయసు, ఇచ్చేవాళ్లకు ఇంకో వయసు ఎందుకు పెట్టారో ఆలోచిస్తే ఈ వ్యాసం అంతా ఆ రెండు అంకెల్లోనే ఉంది. దాత అండంతో చేసినప్పుడు, మోసే ఆవిడకు ముప్పై అయినా నలభై అయిదైనా ఫలితం పెద్దగా మారదు. సొంత అండంతో అయితే నలభై రెండు, మూడు దాటాక వందలో అయిదుగురికి కూడా కష్టమే.

మొన్న 2025 నవంబరులో ఉపాసన కొణిదెల ఐఐటీ హైదరాబాద్‌లో పిల్లలతో మాట్లాడుతూ, ఆడవాళ్లకు అండాలను దాచిపెట్టుకోవడమే పెద్ద బీమా అన్నట్టు చెప్పింది. ఎంత గొడవ! ఇరవైల్లో పెళ్లి చేసుకోండి అని ఒకవైపు, మా శరీరం మా ఇష్టం అని ఇంకోవైపు. నాకు ఆ గొడవలో నచ్చింది ఒక్కటే. అండం అనే మాట మొదటిసారి మన ఇళ్లల్లో హాల్లోకి వచ్చింది, అంతకుముందు వంటింటి గడప దాటేది కాదు. కానీ బీమా అన్న మాట నాకు మింగుడుపడలేదు. బీమా అంటే ప్రీమియం కట్టినవాళ్లకు పాలసీ సొమ్ము వచ్చి తీరాలి. ఇక్కడ అలా కాదు. పది, పన్నెండు రోజులు ఇంజెక్షన్లు, స్కానింగులు, మత్తిచ్చి సూదితో అండాలు తీసి, మైనస్ 196 డిగ్రీల చలిలో దాచడం. లక్షల్లో ఖర్చు, పైగా ఏటేటా అద్దె. కరిగించినప్పుడు కొన్ని పోతాయి, పిండం అయ్యేటప్పుడు కొన్ని పోతాయి. ఒక బిడ్డ కోసం పదిహేను, ఇరవై అండాలు దాచుకుంటే గానీ ధైర్యంగా ఉండలేం. ముప్పై అయిదు లోపు దాచినవి పనికొచ్చినంతగా ముప్పై ఎనిమిదికి దాచినవి రావు. అంటే డబ్బులు లేని వయసులో చేయించుకుంటే మేలు, డబ్బులు వచ్చాక చేయించుకుంటే లాభం తక్కువ. క్యాన్సర్ మందులు వాడబోయే అమ్మాయికి ఇది వరమే. మా డీఎస్సీ అమ్మాయికి మాత్రం కోచింగ్ ఫీజు కట్టడమే గగనమైంది. 2014లో ఫేస్‌బుక్, ఆపిల్ కంపెనీలు తమ ఉద్యోగినుల అండాలు దాచే ఖర్చు మేం పెట్టుకుంటాం అన్నప్పుడు కూడా నాకిదే అనిపించింది. బిడ్డను వాయిదా వేసుకోవడానికి డబ్బిస్తారు, పనిని వాయిదా వేసుకోవడానికి ఒప్పుకోరు.

ఇదంతా చదివి "అందుకే కదా పిల్లకు ఇరవై ఒకటికే చేసేద్దాం అన్నది" అని ఎవరన్నా అంటారేమో, ముందే చెబుతున్నా. ఆ పనికి ఈ లెక్కను వాడుకోవద్దు. ఇరవై ఒకటికి, ఇరవై తొమ్మిదికి మధ్య గర్భం వచ్చే అవకాశంలో పెద్ద తేడా లేదు. చదువు ఆపాల్సిన అవసరం అండానికి లేదు, మనకుంది. పిల్లకు పద్దెనిమిది, ఇరవై వచ్చేసరికి ఈ అంకెలు తన చేతిలో పెడితే చాలు, మిగతా లెక్క తనే వేసుకుంటుంది. పెళ్లొద్దు, పిల్లలొద్దు అనుకున్నా అది తన లెక్కే. అమెరికా సంబంధం కోసం మూడేళ్లు, జాతకాల కోసం రెండేళ్లు, కులంలో చిన్న తేడా ఉందని ఇంకో ఏడాది వృథా చేసేది మనం. ఆ ఏళ్లు ఎవరి ఖాతాలోంచి పోతున్నాయో పిల్లకు తెలిస్తే గట్టిగా అడుగుతుంది. అడగాలి కూడా.

మగపిల్లల సంగతి చెప్పకుండా వదిలేస్తే నాకు నిద్రపట్టదు. పిల్లలు పుట్టని జంటల్లో దాదాపు సగంమందిలో మగవాడి వైపు కూడా ఏదో ఒక ఇబ్బంది ఉంటుంది. వీర్య పరీక్ష కొన్ని వందల రూపాయల పని, సూది లేదు, కోత లేదు. ఆడదానికి అన్ని స్కానింగులూ, గొట్టాల ఎక్స్‌రేలూ అయ్యాక, అప్పుడు తీరిగ్గా మగవాడిని అడుగుతారు. మా అమ్మాయి మొగుడు మూడుసార్లు తప్పించుకున్నాడు. "నాకేంటి, నేను బాగానే ఉన్నా" అట. వీర్యకణాలు రెండున్నర నెలలకోసారి కొత్తగా తయారవుతాయి కాబట్టి మగవాడికి వయసే లేదనుకుంటారు. నలభై అయిదు దాటాక అక్కడా నాణ్యత తగ్గుతుంది, భార్యకు గర్భస్రావాలు పెరుగుతాయి. మొదటి రోజే ఇద్దరికీ పరీక్షలు రాయమని అడగండి.

ఇంకో జాగ్రత్త. ఏఎంహెచ్ అని ఒక రక్తపరీక్ష ఇప్పుడు అందరూ చేయిస్తున్నారు. అది అండాలు ఎన్ని మిగిలాయో సుమారుగా చెబుతుంది, అవి ఎలాంటివో చెప్పదు. ఆ అంకె తక్కువొచ్చిందని ఇరవై ఎనిమిదేళ్ల పిల్లను ఏడిపించకండి. తనవి తక్కువైనా పడుచు అండాలే. అలాగే ఎక్కువొచ్చిందని నలభై ఏళ్ల ఆవిడ నిమ్మళంగా ఉండటానికీ లేదు. తల్లికి త్వరగా ముట్లుడిగి ఉంటే కూతురికీ త్వరగా ఆగే అవకాశం ఉంది కాబట్టి, డాక్టర్లు ఆ సంగతి కూడా అడుగుతారు. మనలో చాలామందికి గర్భసంచి తీసేశారు కాబట్టి చెప్పలేం, అదొక నష్టం. అండాశయాలు ఉంచి సంచి ఒక్కటే తీసినా, మామూలు కంటే కొంత ముందే అవి అలసిపోతాయి.

మా చెల్లెలి కూతురికి ఇరవై ఆరు. హైదరాబాదులో ఉద్యోగం. సంక్రాంతికి వచ్చినప్పుడు అరిసెలు వత్తుతూ ఉన్నట్టుండి అడిగింది. "పెద్దమ్మా, మీకు ఎప్పుడు ఆగిపోయింది? అమ్మకు ఆపరేషన్ అయింది కదా, తనకు తెలీదు." పొయ్యి దగ్గర ఉన్న మా చెల్లెలు తలెత్తి చూసింది. నాకు నలభై ఆరు, అమ్మమ్మకు నలభై ఏడు అని చెప్పాను. చేతికున్న పిండి తుడుచుకుని ఫోనులో రాసుకుంది.